వానలకు ముందే వాటర్ ఫిల్టర్ విప్పి చూడండి

హైదరాబాద్‌లో మంచినీటి పైపూ డ్రైనేజీ పైపూ పక్కపక్కనే సాగే పాత వీధుల్లో, రోజు విడిచి రోజు నీళ్లు వదిలే చోట్ల, సరఫరా ఆగి పైపులో ఒత్తిడి పడిపోయిన గంటల్లో చిన్న పగులు దొరికినా వాన మురుగు లోపలికి చేరుతుంది. జలమండలి క్లోరిన్ కలుపుతుంది కదా అని నిశ్చింతగా ఉండకూడదు. క్లోరిన్ బ్యాక్టీరియాను చంపుతుంది గానీ, విరేచనాలు తెచ్చే జియార్డియా, ఎంటమీబా అనే పరాన్నజీవుల సిస్టులు (గట్టి గోడ కట్టుకుని నిద్రాణంగా ఉండే రూపాలు) ఆ గోడ అండతో దాన్ని చాలాసేపు తట్టుకుంటాయి, క్రిప్టోస్పోరిడియం అనే మరో పరాన్నజీవి అయితే అసలు లొంగదు. 1993లో అమెరికాలోని మిల్వాకీలో క్లోరిన్ కలిపిన కుళాయి నీళ్లు తాగి దాదాపు 4 లక్షల మంది జబ్బుపడింది దీనివల్లే.

అందువల్ల ఈ పరాన్నజీవుల విషయంలో నేను మొదట నమ్మేది వడపోతనే. జియార్డియా సిస్టు సుమారు 8 నుంచి 12 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు), క్రిప్టోస్పోరిడియం 4 నుంచి 6 మైక్రాన్లు ఉంటాయి కాబట్టి కార్ట్రిడ్జ్ మీద '1 మైక్రాన్ అబ్సల్యూట్' అని ఉందో లేదో చూసి కొనాలి. 'నామినల్' అని ఉంటే అంతకంటే పెద్ద కణాలు కొన్ని జారిపోవచ్చు. కుళాయికి కట్టే గుడ్డ ఇక్కడ పనికిరాదు. నారికురుపును మోసే సైక్లాప్స్ అనే నీటి పురుగులు కంటికి కనిపించేంత పెద్దవి కనుక ఒకప్పుడు పల్లెల్లో వాటిని గుడ్డతోనే ఆపగలిగారు; సిస్టులు అలా ఆగవు.

స్టీలు ఫిల్టర్ వాడేవారు క్యాండిల్‌ను సబ్బు లేకుండా మెత్తని బ్రష్‌తో కడిగి, వెలుతురులో తిప్పుతూ, ముఖ్యంగా పింగాణీ అడుగు మూతకు అతికిన చోట గోరుతో తడిమి చూడాలి. వెంట్రుకంత పగులున్నా నీళ్లు వడకట్టకుండానే కిందికి దిగుతాయి, పైగా తేటగానే కనిపిస్తాయి. రబ్బరు వాషర్ గట్టిపడి ఉంటే క్యాండిల్ కొత్తదైనా ప్రయోజనం ఉండదు. ఆర్వో పొర సిస్టులను ఆపుతుంది, కానీ వడిసిన నీరు నిలిచే ట్యాంకును కూడా శుభ్రం చేయించాలి.

వైరస్‌లు 1 మైక్రాన్ రంధ్రంలోంచి సులువుగా దాటిపోతాయి. అందుకే పసిపిల్లలకూ, కీమోథెరపీ తీసుకునేవారికీ, అవయవ మార్పిడి జరిగినవారికీ వడగట్టిన నీటిని తెర్లనిచ్చి, ఆ తెర్లు ఒక నిమిషం నిలిచాకే చల్లార్చి ఇవ్వాలి.

తీసేసిన కార్ట్రిడ్జ్‌పై పోగైన బురదలో సిస్టులు ఉండవచ్చు కాబట్టి దాన్ని వంటగిన్నెలు తోమే సింకులో విప్పకుండా, బయట విప్పి, కవర్లో చుట్టి పారేసి, చేతులు సబ్బుతో కడుక్కోవాలి.