స్నో మోడ్ ఎప్పుడు పెట్టాలి, ఎప్పుడు తీసెయ్యాలి: మిషిగన్ రోడ్ల మీద నా పద్ధతి

మా తమ్ముడు ఈస్ట్ లాన్సింగ్‌లో ఎం.ఎస్. చదవడానికి వచ్చి, సెకండ్ హ్యాండ్ కారు ఒకటి కొనుక్కున్నాడు. మొదటిసారి మంచు పడిన రోజు ఫోన్ చేసి, "అక్కా, దీంట్లో స్నో మోడ్ ఉంది, ఇంకేం టెన్షన్?" అన్నాడు. నాకు గుండె ఝల్లుమంది. పదకొండేళ్ల కిందట నోవైకి వచ్చిన కొత్తలో నేనూ అచ్చం అలాగే అనుకున్నాను.

ఆ ఉదయం రోడ్డంతా తెల్లగా ఉంది. మంచు రోడ్ల కోసం కారులో ఉండే ఆ స్నో మోడ్ సెట్టింగ్ పెట్టి బయల్దేరాను. కారు ఎక్కడా జారలేదు, మామూలు రోజులాగే కదిలింది. మా వీధి చివర స్టాప్ సైన్ దగ్గర 25 మైళ్ల వేగంలో బ్రేకు తొక్కాను. పెడల్ కాలి కింద గడగడమని కొట్టుకుంటోంది, కారు మాత్రం ఆగడం లేదు. అలా పోయి పోయి మెయిన్ రోడ్డు మధ్యలో ఆగింది. అటునుంచి వచ్చే ట్రక్కు ఇంకా చాలా దూరంలో ఉంది కాబట్టి బయటపడ్డాను.

ఆ రోజు అర్థమైంది ఒకటే. స్నో మోడ్ బాగా పనిచేస్తే రోడ్డు ఎంత జారుడుగా ఉందో మనకి తెలియదు. కదిలేటప్పుడు చక్రం గిర్రున తిరిగి ఉంటే జాగ్రత్త పడేదాన్ని. మోడ్ ఆ హెచ్చరికని నా దాకా రానివ్వలేదు. అందుకని ఇప్పుడు మంచు రోజున వీధిలోకి రాగానే, వెనక ఎవరూ లేరని అద్దంలో చూసుకుని, 10, 15 మైళ్ల వేగంలో ఒకసారి బ్రేకు తొక్కి చూస్తాను. ఏబీఎస్ (చక్రాలు బిగుసుకుపోకుండా బ్రేకుని పట్టి వదిలే ఏర్పాటు) వెంటనే గడగడమంటే ఆ రోజు పట్టు లేదని అర్థం. ఏ మోడ్ పెట్టాలా అనే ఆలోచన దాని తర్వాతే.

అసలు స్నో మోడ్ చేసేదేమిటంటే, యాక్సిలరేటర్‌ని మెత్తగా చేస్తుంది. కాలు ఎంత నొక్కినా ఇంజిన్ బలం నెమ్మదిగా చక్రాలకి వెళుతుంది. చాలా కార్లలో ఫస్ట్ గేర్ వదిలేసి సెకండ్‌లో కదులుతుంది, పై గేర్లకి తొందరగా మారుతుంది. ఆల్ వీల్ డ్రైవ్ (ఇంజిన్ బలం నాలుగు చక్రాలకీ వెళ్లే ఏర్పాటు) ఉంటే వెనక చక్రాలకి ముందుగానే కొంత బలం పంపుతుంది. మాది నంద్యాల దగ్గర పల్లె, నల్లరేగడి నేల. వానాకాలంలో ట్రాక్టర్ దిగబడితే మా నాన్న ఎవర్నీ రేజ్ ఇవ్వనిచ్చేవాడు కాదు. చక్రం ఉత్తినే తిరిగితే తన గొయ్యి తనే తవ్వుకుంటుంది అనేవాడు. పై గేర్‌లో వేసి మెల్లగా లాగించేవాడు. స్నో మోడ్‌లో కంప్యూటర్ చేసేది కూడా అదే పని. బ్రేకుల జోలికి అది పోదు. ఆల్ వీల్ డ్రైవ్ కూడా అంతే, కదలడానికే సాయం. ఆగడానికి ప్రతి కారుకీ ఉన్నవి నాలుగు టైర్లే.

కాబట్టి ముందు టైర్లు. చలి 7 డిగ్రీల సెల్సియస్ కిందికి దిగితే మామూలు రబ్బరు గట్టిపడి పట్టు వదిలేస్తుంది. వింటర్ టైర్ల రబ్బరు మెత్తగానే ఉంటుంది. టైర్ పక్కన మూడు శిఖరాల కొండ, దాని లోపల మంచు రేకు గుర్తు ఉందో లేదో చూడండి. వేస్తే నాలుగూ వేయించండి. ముందు రెండే వేస్తే మలుపులో కారు వెనక భాగం తిరిగిపోతుంది.

ఇక మోడ్ సంగతి. నాది ఆల్ వీల్ డ్రైవ్ హోండా సీఆర్-వీ. నార్మల్, ఎకాన్, స్నో మోడ్‌లు ఉన్నాయి. డ్రైవ్‌వే నుంచి ఫ్రీవే ర్యాంప్ దాకా స్నోలోనే నడుపుతాను. పట్టు తక్కువగా ఉండేది అక్కడే. వీధుల్లో మంచు తోసే బండి, అదే ప్లౌ, ఆలస్యంగా వస్తుంది, సిగ్నళ్ల దగ్గర వందల టైర్లు తొక్కి మంచుని గాజులా నున్నగా చేసి ఉంటాయి.

ఐ-96 ఫ్రీవే ఎక్కాక రోడ్డు చూసుకుంటాను. ఉప్పు చల్లి రోడ్డు నల్లగా, తడిగా, శుభ్రంగా ఉంటే నార్మల్‌కి వస్తాను. స్నోలో ఉంచితే ప్రమాదమేం లేదు గానీ, లేన్ మారేటప్పుడు కారు కాస్త బద్ధకంగా స్పందిస్తుంది. కానీ బ్రైటన్ దాటాక మళ్లీ మంచు మొదలైతే, జారేదాకా ఆగను, ముందే స్నోకి మారుస్తాను. అదీ తిన్నగా ఉన్న రోడ్డు మీద, కాలు నిలకడగా ఉంచి. మలుపులో బటన్లు నొక్కకండి. బ్రిడ్జిల మీద కింద నుంచి కూడా చలిగాలి తగులుతుంది కాబట్టి అక్కడ ముందుగా గడ్డకడుతుంది. రోడ్డు నల్లగా కనిపించినా అక్కడ బ్లాక్ ఐస్, అంటే కంటికి ఆనని పల్చటి గడ్డ మంచు, ఉండొచ్చు. వేగాన్ని తనే నిలిపి ఉంచే క్రూజ్ కంట్రోల్ మాత్రం ఆ రోజంతా ముట్టుకోను. ముందు కారుకీ నాకూ మధ్య కనీసం ఆరు సెకన్ల ఎడం ఉండేలా లెక్కపెట్టుకుంటాను.

సరస్సు మీద నుంచి వచ్చే మంచు గురించి పడమర వైపు వెళ్లేవాళ్లు తప్పకుండా తెలుసుకోవాలి. లేక్ మిషిగన్ గాలి వల్ల ఒక మైలు దూరంలోనే ఎండ పోయి, బానెట్ ముందు ఏమీ కనిపించని తెల్లదనం వచ్చేస్తుంది. 2015 జనవరి 9న కలమజూ, బ్యాటిల్ క్రీక్ మధ్య ఐ-94 మీద అలాంటి మంచులోనే 193 వాహనాలు గుద్దుకున్నాయి. కనిపించని రోడ్డు మీద ఏ మోడూ ఆదుకోదు. అలాంటి హెచ్చరిక ఉన్న రోజు నేను ప్రయాణం మానుకుంటాను.

ఎకో మోడ్ కూడా యాక్సిలరేటర్‌ని మెత్తగా చేస్తుంది కదా, స్నో మోడ్ లేనివాళ్లు అది పెట్టుకోవచ్చా అని నన్ను చాలామంది అడిగారు. కదలడానికి పనికొస్తుంది. కానీ చాలా కార్లలో ఎకో హీటర్ బలాన్నీ తగ్గిస్తుంది, అద్దం మీద ఆవిరి పట్టేస్తుంది. అద్దం మసకబారితే వెంటనే నార్మల్‌కి రండి, కాలితోనే మెత్తదనం తెచ్చుకోండి. స్పోర్ట్ మోడ్ అసలు వద్దు. అది కింది గేర్‌ని పట్టుకుని ఉంటుంది. కాలు తీసిన క్షణంలో ఇంజిన్ చక్రాలని గట్టిగా వెనక్కి లాగుతుంది, మంచు మీద ఆ కుదుపు చాలు కారు తిరగడానికి.

సుబారు కార్లలో స్నో మోడ్ లాంటి ఎక్స్-మోడ్ ఉంటుంది, అది తక్కువ వేగాల కోసం చేసింది. చాలా మోడళ్లలో 25 మైళ్ల దరిదాపుల్లో పక్కకి తప్పుకుంటుంది, ఫ్రీవే మీద దాన్ని నమ్ముకోకండి. పికప్ ట్రక్కుల్లో ఫోర్ హై (ముందు, వెనక చక్రాలని కలిపి తిప్పే సెట్టింగ్) మంచు మీదే వాడాలి, పొడి రోడ్డు రాగానే తీసెయ్యాలి, లేకపోతే మలుపుల్లో గేర్లు బిగుసుకుంటాయి. ఎలక్ట్రిక్ కారైతే కాలు తీయగానే కారుని నెమ్మదింపజేసి బ్యాటరీ నింపే రీజెన్ బ్రేకింగ్‌ని గమనించండి. జారే చోట అది కూడా బ్రేకు తొక్కినట్టే. తగ్గించే సెట్టింగ్ ఉంటే తగ్గించండి, లేకపోతే కాలు మెల్లగా ఎత్తండి. బ్యాటరీ బాగా చల్లబడి ఉంటే ఇంకో ఇబ్బంది ఉంది. రీజెన్ తగ్గిపోయి, రోజూ ఆగే చోట కారు ఆగదు. చాలా కార్లు ఇంజిన్ ఆపి మళ్లీ స్టార్ట్ చేస్తే నార్మల్‌కి వెళ్లిపోతాయి, పెట్రోలు కొట్టించుకున్నాక డ్యాష్‌బోర్డ్ ఒకసారి చూసుకోండి.

తమ్ముడి చేత ఒక ఆదివారం పొద్దున్నే, ఖాళీగా ఉన్న పార్కింగ్ లాట్‌లో గంటసేపు ఇవన్నీ చేయించాను. ఒకే వేగంలో నార్మల్‌లో ఒకసారి, స్నోలో ఒకసారి బ్రేకు తొక్కించి, ఎక్కడ ఆగాడో దిగి అడుగులు లెక్కపెట్టమన్నాను. రెండుసార్లూ దాదాపు ఒకే చోట ఆగింది. ఆ మంచులో నిలబడి వాడు ఆ గుర్తుల్ని చాలాసేపు చూశాడు.

చివరగా, దిగబడితే. ప్లౌ వచ్చి మీ డ్రైవ్‌వే ముందు గట్టు పోసి వెళ్లిందనుకోండి, అక్కడ ట్రాక్షన్ కంట్రోల్ అడ్డుపడొచ్చు, చక్రం తిరగగానే ఇంజిన్‌ని నొక్కేస్తుంది. డీప్ స్నో మోడ్ ఉంటే అది పెట్టండి, చక్రాన్ని కొంచెం తిరగనిస్తుంది. లేకపోతే ట్రాక్షన్ కంట్రోల్ ఆఫ్ చేసి, స్టీరింగ్ తిన్నగా ఉంచి, కొంచెం ముందుకి, కొంచెం వెనక్కి ఊపండి. నాలుగైదు ప్రయత్నాల్లో రాకపోతే ఆపి పార అందుకోండి. బయటికి రాగానే ట్రాక్షన్ కంట్రోల్ మళ్లీ ఆన్ చేయండి. ఇంజిన్ ఆన్‌లో ఉంచి లోపల వెచ్చగా కూర్చుని సాయం కోసం చూసేటట్టయితే, ముందు దిగి సైలెన్సర్ గొట్టం చుట్టూ ఉన్న మంచు తీసెయ్యండి. అది మూసుకుపోతే వాసన లేని విషవాయువు కార్బన్ మోనాక్సైడ్ కారులోకి వస్తుంది. మంచు పడుతూనే ఉంటే పది నిమిషాలకోసారి మళ్లీ దిగి చూడండి.