తుపాను వస్తుంటే నోట్‌బుక్‌లో ఏం రాసుకోవాలి

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను మన విశాఖ దగ్గరే తీరం దాటింది. మధ్యాహ్నం పెదవాల్తేరులో గాలి ఉన్నట్టుండి ఆగింది. గండం గడిచిందనుకుని మా వీధిలో అందరం బయటికొచ్చేశాం. అది తుపాను కన్ను, అంటే సుడి నడిమధ్యలో గాలి ఉండని చోటు. కాసేపటికి గాలి రెండో వైపు నుంచి విరుచుకుపడింది. పక్కింటాయనకు రేకు తగిలి భుజం చీరుకుపోయింది. అప్పటినుంచీ తుపాను కబురు రాగానే గంటగంటకీ రాసుకుంటున్నాను.

ముందు గాలి పీడనం. కొన్ని ఫోన్లలో దీన్ని కొలిచే సెన్సర్ ఉంటుంది, లెక్క మిల్లీబార్లలో చూపిస్తుంది. ఎప్పుడూ ఒకే గదిలో చూడండి, ఎనిమిది మీటర్లు పైకెక్కితేనే దాదాపు ఒక మిల్లీబార్ తగ్గుతుంది. మామూలు రోజుల్లో కూడా ఉదయం పదికి ఎక్కువగా, సాయంత్రం నాలుగుకు తక్కువగా ఉంటుంది. మొదట్లో అది తెలియక నేను ఊరికే టెన్షన్ పడేదాన్ని. అందుకే నిన్న ఇదే గంటకు ఎంతుందో దానితో పోల్చండి. నిన్నటికంటే నాలుగైదు మిల్లీబార్లు తగ్గి, ఇంకా దిగుతూనే ఉంటే తుపాను దగ్గరికొస్తున్నట్టే.

తర్వాత గాలి దిక్కు. బట్టల తీగకు రిబ్బన్ కట్టండి. గాలికి వీపు పెట్టి నిలబడితే తుపాను మీ ఎడమచేతి వైపు, కాస్త ముందుకు ఉంటుంది. మనకు మొదట కైలాసగిరి వైపు నుంచి, అంటే ఈశాన్యం నుంచి వీస్తుంది. అది ఉత్తరానికి, తర్వాత పడమటికి తిరిగితే తుపాను శ్రీకాకుళం వైపు పోతోంది. తూర్పుకి, ఆగ్నేయానికి తిరిగితే కాకినాడ వైపు. అప్పుడు గాలి సముద్రం మీంచి వస్తుంది, కెరటాలు బీచ్ రోడ్డు మీదికొస్తాయి. దిక్కు మారకుండా జోరు పెరుగుతూ, పీడనం పడిపోతుంటే నేరుగా మన మీదికే. ఇక డాబా ఎక్కకండి.

వానకు నిటారు గోడల స్టీలు డబ్బా, స్కేలు చాలు. 24 గంటల్లో 64.5 మిల్లీమీటర్లు దాటితే భారీ వర్షం, 115.6 నుంచి అతి భారీ. ఈదురుగాలి డబ్బా అంచు దగ్గర చినుకుల్ని పక్కకు తోసేస్తుంది కాబట్టి డబ్బాలో లెక్క తక్కువే వస్తుంది. జల్లుకీ జల్లుకీ మధ్య తెరిపి తగ్గుతోందా అన్నది కూడా రాయండి.

ఉష్ణోగ్రత సులువు. మబ్బు కమ్మేస్తే పగటికీ రాత్రికీ తేడా రెండు మూడు డిగ్రీలే.

గాలి ఆగినా పీడనం ఇంకా అడుగునే ఉందా? అది కన్నే, తలుపు తీయకండి. గాలి ఈసారి ఎదుటి వైపు నుంచి కొడుతుంది. పిల్లల్ని గాలి కొట్టిన గదిలోంచి ఎదుటి వైపు గదిలోకి కాకుండా, నడిమింట్లోకి మార్చండి.