కాన్పు తర్వాత రక్తస్రావం, 3వ పాఠం: కంటితో అంచనా వద్దు, కొలవండి

బిడ్డ పుట్టిన వెంటనే, గర్భసంచిని గట్టిపరిచే మందు ఆక్సిటోసిన్ 10 యూనిట్లు ఎందుకివ్వాలో గత పాఠంలో చూశాం. అది ఇచ్చినా కొందరికి రక్తం ఆగదు. ఆ సంగతి సమయానికి పసిగట్టడం ఈ పాఠం.

ముందు ఒక సాధన. అర లీటరు నీళ్లలో ఎర్ర రంగు కలపండి. పాత చీర ముక్క మీద కొంత, ప్యాడ్ల మీద కొంత, మిగిలింది నేల మీద పోయండి. పోస్తుండగా చూడని వాళ్లను పిలిచి ఎంత ఉందో చెప్పమనండి. సీనియర్లనూ వదలకండి. చాలామంది తక్కువే చెబుతారు, ఎందుకంటే గుడ్డ పీల్చుకున్నది కంటికి ఆనదు.

లేబర్ రూములోనూ జరిగేది ఇదే. కెన్యా, నైజీరియా, దక్షిణాఫ్రికా, టాంజానియాల్లోని 80 ఆసుపత్రుల్లో జరిపిన ఈ-మోటివ్ అధ్యయనం ఫలితాలు 2023లో వెలువడ్డాయి. పాత పద్ధతిలో నడిచిన చోట రక్తస్రావం కేసుల్లో సగాన్నే గుర్తించగలిగారు. కొలత గీతలున్న ప్లాస్టిక్ సంచి వాడిన చోట 93 శాతం దొరికాయి. ఇలాంటి సంచి మనకు కొత్తేమీ కాదు, కర్ణాటకలోని బెళగావి ప్రాంతంలో జరిగిన పరిశోధనల్లో ఎప్పుడో వాడారు. అయినా చాలా చోట్ల ఇప్పటికీ 'మామూలుగానే ఉంది' అని కేస్ షీటులో రాసేస్తున్నారు. ఆ మాటను నేను నమ్మను.

సంచిని బిడ్డ బయటికి వచ్చాకే బాలింత నడుము కింద పరచాలి. ముందే పరిస్తే ఉమ్మనీరు కలిసి లెక్క తప్పుతుంది. కొస బల్ల అంచు నుంచి కిందికి వేలాడాలి, మడత పడకూడదు. గీతను వంగి, కంటికి సమానంగా చూసి చదవండి. మొదటి గంటలో ప్రతి 15 నిమిషాలకూ సంచి కొలత, నాడి, బీపీ చూసి, గర్భసంచి గట్టిపడిందో లేదో తడిమి, అన్నీ రాయాలి.

500 మిల్లీలీటర్లు దాటితే ఇక ఆలోచన లేదు. 300 దాటి, నాడి 100 మించినా, పై బీపీ 100 కంటే తగ్గినా అప్పుడే కదలాలి. రక్తహీనత ఉన్న తల్లికి ఆ కాస్త నష్టం కూడా బరువే. 300 దగ్గర అన్నీ బాగున్నాయి కదా అని పక్కకు వెళ్లకండి.

కదలడం అంటే గర్భసంచి మర్దన, ఆక్సిటోసిన్, 10 నిమిషాల్లో నరంలోకి 1 గ్రాము ట్రానెక్సామిక్ ఆమ్లం (రక్తస్రావాన్ని తగ్గించే మందు), సెలైన్, పరీక్ష. పరీక్షలో మూత్రాశయం ఖాళీగా ఉందా, మాయ ముక్కలేమైనా మిగిలాయా, చిరుగులున్నాయా అని చూస్తారు. ఇవన్నీ కలిపి ఒకేసారి మొదలవ్వాలి. ఒకటి చేసి, ఫలించలేదని తేలాక మరొకటి అనే అలవాటే కొంప ముంచుతుంది. సాయం కోసం కేక కూడా అప్పుడే వేయాలి. ట్రానెక్సామిక్ ఆమ్లం కాన్పయిన 3 గంటల్లోపే ఇవ్వాలి. ఈ పద్ధతి పాటించిన ఆసుపత్రుల్లో తీవ్ర రక్తస్రావం, ఆపరేషన్, మరణం అన్నీ కలిపిన లెక్క 4.3 శాతానికి బదులు 1.6 శాతమే నమోదైంది.

సంచి లేకపోతే తడిసిన గుడ్డల్ని తూచి, పొడి గుడ్డల బరువు తీసేయండి. 1 గ్రామును సుమారు 1 మిల్లీలీటరుగా లెక్కించవచ్చు.

వచ్చే పాఠానికి ముందు మీ లేబర్ రూములో ఆ మందులు, సెలైన్, సూదులు అన్నీ ఒకే ట్రేలో ఉన్నాయో లేదో, ఆక్సిటోసిన్ ఫ్రిజ్‌లోనే ఉంటోందో లేదో చూసి రండి. మర్దనకూ మందులకూ గర్భసంచి లొంగనప్పుడు రెండు చేతులతో నొక్కి పట్టే పద్ధతిని అప్పుడు నేర్చుకుందాం.