తోట నుంచి వచ్చిన ఆకుకూరలో ఇసుక పోవాలంటే

మందులు కొట్టని ఆకుకూరకు మట్టి, ఒకటీ అరా పురుగు ఉండటం మామూలే. కట్టను అలాగే కుళాయి కింద పెట్టి కడిగితే మాత్రం కాడల సందుల్లో ఇసుక కదలదు. ముందు వేళ్లు కోసేసి, కట్ట విప్పి, వెడల్పాటి గిన్నెలో ఆకు మునిగేలా నీళ్లు పోసి చేత్తో తిప్పండి. రెండు నిమిషాలు ఆగితే ఇసుక అడుగుకు దిగుతుంది. అప్పుడు ఆకును పైనుంచి చేత్తో తీయాలి. గిన్నెను జల్లెడలోకి వంపేశారంటే దిగిన ఇసుకంతా మళ్లీ ఆకు మీదే పడుతుంది, ఎక్కువమంది ఇక్కడే తప్పు చేస్తారు. అడుగున ఇసుక కనబడకుండా పోయేదాకా నీళ్లు మారుస్తూ ఉండండి. వానల రోజుల్లో నాలుగైదు సార్లయినా పట్టొచ్చు. తరగడం కడిగాకే, తరిగి కడిగితే విటమిన్ సి నీళ్లపాలే.

కాలీఫ్లవర్ అయితే రెమ్మలుగా విడదీసి, లీటరు నీటికి ఒక టేబుల్ స్పూన్ ఉప్పు కలిపి 15 నిమిషాలు ఉంచండి, పురుగులు బయటపడతాయి.

వండేటప్పుడు కాడలు ముందు, మూడు నిమిషాలాగి ఆకు. లేత ఆకుకు విడిగా నీళ్లక్కర్లేదు, అంటుకున్న తడే చాలు. ఉప్పు ఆకు మగ్గాకే వేయండి. బాణలి నిండా ఉన్నప్పుడు కంటి అంచనాతో వేస్తే, ఆకు పిడికెడు అయ్యేసరికి నోట్లో పెట్టలేం.

ముల్లంగి, బీట్‌రూట్ ఆకులతో సహా వస్తే ఇంటికి తేగానే ఆకు కోసేయండి. లేకపోతే అది దుంపలోని నీటిని లాగి మెత్తబరుస్తుంది.