రెండో మోకాలికి ఇల్లు సిద్ధం చేసిన విధం

పర్లాకిమిడిలో మాది పాత పెంకుటిల్లు. అమ్మకి ఇప్పుడు రెండో మోకాలి మార్పిడి. మొదటిసారి కొన్న వాకర్ అటక మీద ఉందిగా అనుకుంటే చాలదు, దాని కింది రబ్బరు బుడిపెలు తిరగేసి చూడాలి. గీతలు అరిగి నున్నబడితే తడి గచ్చు మీద జారతాయి. నాలుగూ ఒకేసారి మార్చాం. నిలబడి చేతులు వదిలేస్తే పిడి మణికట్టు మడత దగ్గరికి రావాలి.

నేల లెట్రిన్ మీద కమోడ్ కుర్చీ వేశాం. కూర్చుంటే మోకాళ్లు తుంటి కన్నా పైకి లేవకూడదు. మంచం ఎత్తు పెంచడానికి కోళ్ల కింద ఇటుకలొద్దు, కదిలిపోతాయి. గుంట చెక్కిన చెక్క దిమ్మలు మేలు.

అసలు తికమక గుమ్మం మెట్టు దగ్గరే. ఎక్కేటప్పుడు వాకర్ పైన పెట్టి, ముందు పాత ఆపరేషన్ కాలు. దిగేటప్పుడు వాకర్, వెంటనే కొత్తగా ఆపరేషన్ అయిన కాలు. ఈసారి కాళ్లు తారుమారు కదా, అందుకే ముందే అలవాటు చేయించాం.

మోకాలి కింద దిండు హాయిగానే ఉంటుంది, కానీ కాలు వంగినట్టే బిగుసుకుపోతుంది. చుట్టిన తువ్వాలు చీలమండ కింద పెట్టాలి.

పుచ్చిపన్ను, పగిలిన మడమ, చిన్న పుండు ఏదున్నా డాక్టరుకి ముందే చెప్పాలి. అక్కడి క్రిములు కొత్త కీలుకి పాకొచ్చు. కాలి వెంట్రుకలు ఇంట్లో బ్లేడుతో గీయొద్దు. ఆపరేషన్‌కి విశాఖ బయల్దేరే సంచిలో మొదటి ఆపరేషన్ డిశ్చార్జి కాగితం పైనే ఉండాలి.