పీటీటీ నొక్కితే రిగ్ ఆగిపోతోందా? ముందు నెగెటివ్ వైరు చూడండి

రిగ్ అంటే మన రేడియో సెట్టు, పీటీటీ అంటే ట్రాన్స్‌మిట్ చేయడానికి, అంటే సిగ్నల్ పంపడానికి, నొక్కే మీట. బ్యాటరీ, సోలార్ మీద హామ్ రేడియో నడిపేవాళ్లు నన్ను అడిగే మొదటి మాట దాదాపు ఒకేలా ఉంటుంది. "బ్యాటరీ ఫుల్‌గా ఉందండీ, మీటరు 12.7 చూపిస్తోంది. రిసీవ్ బ్రహ్మాండంగా ఉంది. పీటీటీ నొక్కగానే రిగ్ ఆఫ్ అయిపోతోంది."

ఆ 12.7 ఎక్కడ చూశారు, ఎప్పుడు చూశారు అని అడుగుతాను. బ్యాటరీ టెర్మినళ్ల మీద, రిగ్ ఊరికే ఉన్నప్పుడు చూశామంటారు. ఆ కొలతతో ఈ సమస్య గురించి ఏమీ తెలియదు. రిసీవ్‌లో రిగ్ తీసుకునేది ఒక ఆంపియరు. వంద వాట్ల ట్రాన్స్‌మిట్‌లో తీసుకునేది ఇరవైకి పైన. కొలవాల్సింది రిగ్ వెనక డీసీ సాకెట్ దగ్గర, ట్రాన్స్‌మిట్ అవుతున్నప్పుడు. డమ్మీ లోడ్ (యాంటెనా బదులు పవర్ తీసుకునే నిరోధకం) పెట్టి, మోడ్ పవర్ నిలకడగా పోయే ఆర్‌టీటీవైలోనో ఎఫ్‌ఎమ్‌లోనో ఉంచి, ఐదు సెకన్లు నొక్కి చూడండి. ఎస్‌ఎస్‌బీ మోడ్‌లో పవర్ మాటను బట్టి మారుతుంది, అందులో మాట్లాడుతూ చూస్తే ముల్లు ఊగుతూనే ఉంటుంది, ఏమీ తేలదు. రెండు నిమిషాల పని ఇది. ఇది చేయకుండానే కొత్త బ్యాటరీ కొన్నవాళ్లను చాలామందిని చూశాను. ఆ డబ్బు తలచుకుంటే నాకు బాధగా ఉంటుంది.

ఎందుకింత పట్టుపడుతున్నానంటే, మన చేతిలో ఉన్న వెసులుబాటు చాలా తక్కువ. ఐకామ్ ఐసీ-7300 తీసుకోండి. దానికి కావలసింది 13.8 వోల్టులు, 15 శాతం అటూ ఇటూ. అంటే కింది హద్దు 11.7. ఇళ్లలో ఇన్వర్టరుకు వాడే 150 ఏహెచ్ ట్యూబులర్ బ్యాటరీ నిండుగా ఉన్నా, ఇరవై ఆంపియర్లు లాగితే 12.2 దగ్గరకు దిగుతుంది. ఇక వైర్లు, ఫ్యూజులు, లగ్గులు (వైరు చివర బిగించే లోహపు కొనలు) అన్నీ కలిసి తినగలిగింది అర వోల్టు మాత్రమే. మూడు మీటర్ల దూరానికి 2.5 స్క్వేర్ ఎంఎం వైరు వేస్తే, వెళ్లేది వచ్చేది కలిపి ఆ వైరే దాదాపు ఒక వోల్టు తినేస్తుంది. అదే 10 స్క్వేర్ ఎంఎం అయితే పావు వోల్టు లోపే. కరెంటు షాపులో మోటారు వైరు అని ఇచ్చేది వద్దు. 10 గానీ 16 గానీ అడగండి, వెల్డింగ్ కేబుల్ అయినా మంచిదే. దూరం ఎంత తగ్గిస్తే అంత మేలు. బ్యాటరీని బల్ల కిందికి తీసుకురావడం కంటే చవకైన మరమ్మతు లేదు. ట్యూబులర్ అయితే గాలి ఆడే చోట పెట్టాలి, అంతే.

రిగ్‌ను ఛార్జ్ కంట్రోలర్ లోడ్ టెర్మినల్‌కు కలిపారా?

ఛార్జ్ కంట్రోలర్ అంటే ప్యానెల్‌కూ బ్యాటరీకీ మధ్య ఉండి ఛార్జింగ్ చూసుకునే పెట్టె. రిగ్‌ను దానికి కలిపితే తీసేయండి. పది ఆంపియర్ల కంట్రోలర్ మీద రాసిన బల్బు బొమ్మ బల్బుల కోసమే. ఇరవై ఆంపియర్ల రిగ్‌కు అది చాలదు. రిగ్ నేరుగా బ్యాటరీకి రావాలి, పాజిటివ్ మీద బ్యాటరీకి జానెడు దూరంలో ఫ్యూజ్ ఉండాలి. చవక పీడబ్ల్యూఎమ్ రకం కంట్రోలర్లలో చాలావాటికి లోడ్ నెగెటివ్, బ్యాటరీ నెగెటివ్ ఒకటి కాదు. కంట్రోలర్ కట్ చేసేది నెగెటివ్‌నే. రిగ్ అక్కడ, ట్యూనర్ (యాంటెనాను రిగ్‌కు సరిపెట్టే పెట్టె) నేరుగా బ్యాటరీ మీద ఉంటే, కోయాక్స్, అంటే యాంటెనా కేబుల్, జాలీ ద్వారా రెండు నెగెటివ్‌లూ కలిసిపోతాయి. అప్పుడు లో వోల్టేజ్ కటాఫ్ పనిచేయదు, బ్యాటరీ అడుగంటే దాకా రిగ్ నడుస్తూనే ఉంటుంది.

ట్రాన్స్‌మిట్ చేయగానే ల్యాప్‌టాప్‌లో యూఎస్‌బీ తెగిపోతోంది

ఇదే నన్ను ఏడిపించింది, కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

మా ఇల్లు భీమిలి వైపు, సముద్రానికి దగ్గర. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు కరెంటు లేక, సెల్ టవర్లు పనిచేయక రోజుల తరబడి ఎలా ఉన్నామో చూసినవాళ్లం. అందుకే నేను బ్యాటరీ, ప్యానెల్ మీదే స్టేషన్ నడుపుతాను. ఒక ఏడాది వానాకాలం పోయాక, కంప్యూటర్‌తో నడిపే ఎఫ్‌టీ8 అనే డిజిటల్ మోడ్ ఆడుతుంటే సమస్య మొదలైంది. రిగ్ ట్రాన్స్‌మిట్‌లోకి వెళ్లిన మూడు నాలుగు సెకన్లకు కంప్యూటర్‌లో సౌండ్ కార్డు మాయమయ్యేది. తెర మీద సిగ్నళ్లు చూపే వాటర్‌ఫాల్ ఆగిపోయేది. కొన్నిసార్లు రిగ్ ట్రాన్స్‌మిట్‌లోనే ఇరుక్కుపోయేది.

ఎవరైనా మొదట అనుకునేది ఒకటే, ఆర్‌ఎఫ్, అంటే మనం పంపే రేడియో శక్తి, తిరిగి రేడియో గదిలోని వైర్లలోకి వస్తోందని. నేనూ అదే అనుకున్నాను. ఆ ఆర్‌ఎఫ్‌ను అడ్డుకోవడానికి యూఎస్‌బీ కేబుల్‌కు ఫెర్రైట్ రింగులు చుట్టాను, కోయాక్స్‌కు చోక్ పెట్టాను, ఎర్త్ రాడ్ దగ్గర నీళ్లు పోశాను, కేబుల్ మార్చాను. మూడు వారాలు గడిచాయి. ఒక సాయంత్రం యూఎస్‌బీ ప్లగ్గు పట్టుకుంటే వేడిగా తగిలింది. ఆర్‌ఎఫ్ వల్ల ప్లగ్గు అలా కాలదు. ఆ తర్వాత రెండు రోజులకే ల్యాప్‌టాప్ పోర్టు పోయింది.

జరుగుతున్నది ఇది. చాలా హెచ్‌ఎఫ్ (షార్ట్‌వేవ్) రిగ్‌ల పవర్ కేబుల్‌లో పాజిటివ్‌కు, నెగెటివ్‌కు రెండింటికీ ఫ్యూజ్ హోల్డర్ ఉంటుంది. నా నెగెటివ్ హోల్డర్ లోపల, వైరు క్రింప్ అయిన (నొక్కి బిగించిన) చోట, పచ్చగా చిలుము పట్టింది. బయట మూత, సీలు చెక్కుచెదరలేదు. ల్యాప్‌టాప్‌ను కారు అడాప్టర్‌తో అదే బ్యాటరీ మీద నడుపుతున్నాను. ఇలాంటి అడాప్టర్లలో ఎక్కువ వాటికి లోపల బ్యాటరీ వైపు నెగెటివ్, ల్యాప్‌టాప్ వైపు నెగెటివ్ నేరుగా కలిసి ఉంటాయి. అంటే రిగ్ ఒంటి నుంచి యూఎస్‌బీ కేబుల్ గ్రౌండు, అక్కడి నుంచి ల్యాప్‌టాప్, అడాప్టర్, బ్యాటరీ నెగెటివ్: తిరిగి వెళ్లడానికి కరెంటుకు రెండో దారి దొరికింది.

లెక్క చూడండి. చిలుము పట్టిన హోల్డర్‌తో కలిపి నెగెటివ్ దారి 0.1 ఓమ్ అనుకుందాం, యూఎస్‌బీ దారి 0.3 ఓమ్. రిగ్ ఇరవై ఆంపియర్లు లాగితే నాలుగో వంతు, అంటే ఐదు ఆంపియర్లు, యూఎస్‌బీ కేబుల్‌లోంచి పోతాయి. యూఎస్‌బీ 2 పోర్టు అర ఆంపియరు ఇవ్వడానికి తయారైనది. అంత కరెంటు ఆ సన్నని తీగలో పోతుంటే రెండు చివరల గ్రౌండ్ల మధ్య వోల్టేజి తేడా పెరుగుతుంది, డేటా తప్పుతుంది, కంప్యూటర్ కనెక్షన్ తెంచేస్తుంది. చూడటానికి అచ్చం ఆర్‌ఎఫ్ గొడవలాగే ఉంటుంది.

హోల్డర్ పని హోల్డర్ చేసుకుంటూ పోతుంది. 0.1 ఓమ్‌లో పదిహేను ఆంపియర్లు పోతే 22 వాట్లకు పైగా వేడి, చిన్న సోల్డరింగ్ ఐరన్ అంత. ఆ వేడికి రాగి ఇంకా నల్లబడుతుంది, నిరోధం ఇంకా పెరుగుతుంది, యూఎస్‌బీ వైపు మరింత కరెంటు మళ్లుతుంది.

కంటిన్యుటీ బీప్ పెట్టి చూశాం, బాగానే ఉంది అంటారు. ఆ బీప్‌ను ఇక్కడ నమ్మకండి. చాలా మీటర్లు ముప్పై ఓమ్‌ల లోపు దేనికైనా మోగుతాయి. మనం వెతుకుతున్నది ఓమ్‌లో పదో వంతు. మామూలు మల్టీమీటర్ ఓమ్ రేంజిలో కూడా అది సరిగా కనిపించదు. కరెంటు పోతుండగా వోల్టేజి డ్రాప్ చూడటమే దారి.

ఎలా పట్టుకోవాలంటే, ముందు రిగ్ నుంచి పవర్ కేబుల్ తప్ప అన్నీ పీకేయండి. యూఎస్‌బీ, ట్యూనర్ కంట్రోల్ వైరు, ఎర్త్ వైరు, పక్కన ఉన్న వీహెచ్‌ఎఫ్ సెట్‌తో కలిపిన తీగ, అన్నీ. యాంటెనా బదులు డమ్మీ లోడ్. ఇప్పుడు పీటీటీ నొక్కండి. అన్నీ పీకేశాక ల్యాప్‌టాప్ గొడవ పోయి రిగ్ ఆగిపోవడం మొదలైతే, తప్పు నెగెటివ్‌లో ఉంది. ఆర్‌ఎఫ్ సమస్య అయితే డమ్మీ లోడ్ పెట్టగానే తగ్గాలి గానీ, రిగ్ పడిపోకూడదు.

తర్వాత మల్టీమీటర్ డీసీ వోల్టులో పెట్టి, నల్ల ప్రోబు బ్యాటరీ నెగెటివ్ సీసం స్తంభం మీదే ఆనించండి. లగ్గు మీద పెట్టొద్దు, లగ్గుకూ స్తంభానికీ మధ్యే చెడి ఉండొచ్చు. ఎర్ర ప్రోబు రిగ్ వెనక గ్రౌండ్ స్క్రూ మీద. ట్రాన్స్‌మిట్ నొక్కండి. 0.2 లోపు వస్తే మంచిది. 0.3 దాటితే వెతకాల్సిందే. నాకు 1.8 వచ్చింది. ఎర్ర ప్రోబును బ్యాటరీ వైపు ఒక్కో జాయింటు దాటిస్తూ రండి. ఎక్కడ దాటగానే కొలత ఒక్కసారిగా పడిపోయిందో ఆ జాయింటే దొంగ. పాజిటివ్ వైపూ ఇలాగే చూడండి, కానీ చాలామంది పాజిటివ్ ఒక్కటే చూసి వదిలేస్తారు. డీసీ చూపించే క్లాంప్ మీటర్ ఉంటే ఇంకా తేలిక. అన్నీ మళ్లీ కలిపి, దాన్ని యూఎస్‌బీ కేబుల్ చుట్టూ పెట్టండి. అక్కడ ఆంపియర్లు కనిపిస్తే ఇక సందేహమే లేదు. ఏసీ మాత్రమే చూపే క్లాంప్ మీటర్ దీనికి పనికిరాదు.

మరమ్మతు: చిలుము పట్టిన హోల్డర్‌ను గీకి మళ్లీ వాడొద్దు. చిలుము వైరు పోగుల లోపలికి పాకి ఉంటుంది. రాగి మెరిసే దాకా వైరు కోసుకుంటూ వెళ్లండి. తగరం పూత ఉన్న లగ్గు వేసి హైడ్రాలిక్ క్రింపర్‌తో నొక్కించండి. పెద్ద కేబుళ్లు అమ్మే షాపుల్లో ఆ పని చేసిపెడతారు. ప్లయర్‌తో నొక్కిన లగ్గు ఏడాదికే వదులవుతుంది. పైన లోపల జిగురు ఉండే హీట్ ష్రింక్ వేయండి, ఉత్తది వేస్తే ఉప్పుగాలి ఎలాగైనా లోపలికి పోతుంది. బ్యాటరీ పక్కన ఒక రాగి బస్‌బార్ (వైర్లన్నీ బిగించే పట్టీ) పెట్టి, రిగ్, ట్యూనర్, ల్యాప్‌టాప్ అడాప్టర్, కంట్రోలర్ అన్నింటి నెగెటివ్‌లూ దానికే తెచ్చి కలపండి. నేను నెగెటివ్ ఫ్యూజ్ తీసేసి, అక్కడ తిన్నగా లగ్గే వేశాను. ఇంట్లో ఒకే బ్యాటరీ, ఒకే బస్‌బార్ ఉన్నచోట ఆ ఫ్యూజ్ పోతే రిగ్ ఆగదు, కరెంటు యూఎస్‌బీ దారి పడుతుంది, అది ఇంకా ప్రమాదం. కారులో పెట్టిన రిగ్ సంగతి వేరు, అక్కడ మాన్యువల్ చెప్పినట్టే చేయండి. పాజిటివ్ ఫ్యూజ్ మాత్రం ఎక్కడా, ఎప్పుడూ తీయొద్దు.

ఈ పని అయ్యాక నా నెగెటివ్ డ్రాప్ 0.12కు దిగింది. చుట్టిన ఫెర్రైట్లన్నీ విప్పేశాను, ఎఫ్‌టీ8 గంటల తరబడి నడిచింది.

రిగ్ చప్పున చచ్చింది, బ్యాటరీ దగ్గర మీటరు సున్నా చూపిస్తోంది

లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ అయితే లోపలి బీఎమ్‌ఎస్, అంటే బ్యాటరీని కాపాడే సర్క్యూట్, కట్ చేసింది. బ్యాటరీ లేబుల్ మీద ఏహెచ్ ఎంత ఉన్నా, బీఎమ్‌ఎస్ ఎన్ని ఆంపియర్లు ఇస్తుందన్నదే ముఖ్యం. పది ఆంపియర్ల బీఎమ్‌ఎస్‌తో వంద వాట్లు నడవదు. పవర్ బాగా తగ్గించండి, లేదా ముప్పై ఆంపియర్ల బీఎమ్‌ఎస్ ఉన్నది కొనండి. లోడ్ తీసేసి ఛార్జర్ పెడితే ఎక్కువ బ్యాటరీలు మళ్లీ లేస్తాయి. ఇంకొక మాట, దీని వోల్టేజి చూసి ఛార్జి అంచనా వేయొద్దు. 13.2 దగ్గర చాలాసేపు నిలబడి, చివర్లో ఒక్కసారిగా పడిపోతుంది.

ఎండ ఉన్నా సాయంత్రానికి బ్యాటరీ నిండటం లేదు

ప్యానెల్ వెనక స్టిక్కర్ చదవండి. 335 వాట్ల 72 సెల్స్ ప్యానెల్‌ను పీడబ్ల్యూఎమ్ కంట్రోలర్‌కు తగిలించి ఉంటే కారణం అదే. ఆ ప్యానెల్ 38 వోల్టుల దగ్గర తొమ్మిదికి కాస్త తక్కువ ఆంపియర్లు ఇస్తుంది. పీడబ్ల్యూఎమ్ దాన్ని బ్యాటరీ వోల్టేజికి లాగేస్తుంది, ఆంపియర్లు పెరగవు. మీకు అందేది దాదాపు 115 వాట్లు. అదనపు వోల్టేజిని ఆంపియర్లుగా మార్చే ఎంపీపీటీ కంట్రోలర్ పెట్టండి, లేదా 18 వోల్టుల 36 సెల్స్ ప్యానెల్ పెట్టండి. ప్యానెల్ మీద కొబ్బరాకు నీడ ఒక మూల పడినా కరెంటు బాగా పడిపోతుంది, మధ్యాహ్నం ఒకసారి డాబా ఎక్కి చూడండి. కంట్రోలర్‌లో బ్యాటరీ రకం సరిగా పెట్టారో లేదో కూడా చూడండి. ట్యూబులర్ సెట్టింగులోని ఈక్వలైజేషన్ (అప్పుడప్పుడు ఎక్కువ వోల్టేజితో చేసే ఛార్జింగ్) లిథియంకు మంచిది కాదు.

పొద్దున మొదలై చీకటి పడగానే పోయే నాయిజ్

వేళలు ఎండతో కలిస్తే కంట్రోలరే కారణం. 7 మెగాహెర్ట్జ్ వింటూ ప్యానెల్ వైరు తీయండి, గుర్రుమనే శబ్దం ఆగితే తేలిపోయినట్టే. తీసేటప్పుడు ముందు ప్యానెల్, తర్వాత బ్యాటరీ. పెట్టేటప్పుడు ముందు బ్యాటరీ, తర్వాత ప్యానెల్. ప్యానెల్ వైర్లు రెండింటినీ మెలితిప్పి, కంట్రోలర్‌కు రెండు వైపులా 31 రకం ఫెర్రైట్ మీద ఎనిమిది పది చుట్లు వేస్తే చాలా తగ్గుతుంది. అప్పటికీ వినిపిస్తే ప్యానెల్ లైనులో డీసీ ఎమ్‌సీబీ ఒకటి పెట్టుకుని, ఆపరేట్ చేసే గంటసేపు దించేయండి. నేను చేసేది అదే.

ఇంకేమైనా

ఇంట్లో రెండు బ్యాటరీల 24 వోల్టుల ఇన్వర్టర్ ఉంటే, ఒక బ్యాటరీ నుంచి రిగ్‌కు 12 వోల్టులు లాగొద్దు, ఆ జంట త్వరగా పాడవుతుంది. రాత్రి ప్యానెల్‌లోకి కరెంటు వెనక్కి పోతుందేమో అన్న అనుమానం వదిలేయండి, కంట్రోలర్ దాన్ని ఆపుతుంది. రిగ్ ఫైనల్స్ (ట్రాన్స్‌మిట్ పవర్ ఇచ్చే ట్రాన్సిస్టర్లు) పోయాయేమో అని వెంటనే రిపేరుకు పంపొద్దు. ముందు ఇంటి కరెంటుతో నడిచే 13.8 వోల్టుల ఎస్‌ఎమ్‌పీఎస్ పవర్ సప్లై మీద, దాని సొంత పొట్టి వైర్లతో పెట్టి చూడండి. అక్కడ వంద వాట్లు వస్తే రిగ్ బాగానే ఉంది, మీటరు తీసుకుని మళ్లీ బ్యాటరీ నెగెటివ్ దగ్గర నుంచి మొదలుపెట్టండి.