గర్ల్ గ్రూప్ లుక్ కావాలంటే నలుగురికీ ఒకే డ్రెస్ కొనకండి, ఒకే గుడ్డ కొనండి

కాలేజ్ ఫెస్ట్‌కో, సంగీత్‌కో, అమెరికాలో తెలుగు సంఘాల ప్రోగ్రామ్‌కో పాప్ గర్ల్ గ్రూప్ కవర్ చేద్దాం అనుకున్న అమ్మాయిలు ఎక్కువమంది చేసేది ఏంటంటే ఆన్‌లైన్‌లో ఒక డ్రెస్ చూసి అదే నాలుగు సైజుల్లో ఆర్డర్ పెట్టేయడం. అందులో ఒకళ్ళకే అది బాగుంటుంది, మిగతా ముగ్గురూ స్టేజ్ మీద డ్రెస్ లాక్కుంటూనే ఉంటారు. ఇది ఎలా చెయ్యాలో నేర్చుకోవాలంటే నన్నడిగితే బియాన్సే పాడిన అమెరికన్ గర్ల్ గ్రూప్ డెస్టినీస్ చైల్డ్ ఫొటోలు ముందేసుకుని కూర్చోండి.

వాళ్ళకి బట్టలు కుట్టింది బియాన్సే వాళ్ళ అమ్మ టీనా నోల్స్. మొదట్లో పెద్ద పెద్ద లేబుల్స్ ఈ నల్లజాతి అమ్మాయిలకి బట్టలివ్వడానికి ఇష్టపడలేదని, అమ్మా అంకులూ కలిసి కూర్చుని ఒక్కో క్రిస్టల్, ఒక్కో ముత్యం చేత్తో కుట్టారని 2016లో అమెరికా ఫ్యాషన్ డిజైనర్ల సంఘం సీఎఫ్‌డీఏ ఇచ్చే ఫ్యాషన్ ఐకాన్ అవార్డు తీసుకుంటూ బియాన్సేనే చెప్పింది. ఒకసారి మెక్సికోలో కాంకున్‌లో ఎంటీవీ షో ముందు వీళ్ళ లగేజ్ పోతే టీనా అక్కడే దొరికిన కామఫ్లాజ్ బట్టలు, అదే సైనికుల బట్టల మీద ఉండే మచ్చల డిజైన్‌వి, కొనేసి వాటినే కత్తిరించి కుట్టి అందరికీ వేసేసింది, ఆ తర్వాత ఆ కామఫ్లాజ్ వాళ్ళ గుర్తు అయిపోయింది. 2001 గ్రామీస్‌కి, అంటే అమెరికా మ్యూజిక్ అవార్డులకి కూడా ముగ్గురూ ఆకుపచ్చ రంగులోనే వచ్చారు. ఆవిడ పద్ధతి చాలా సింపుల్ అండీ, గుడ్డ ఒకటే కట్ మాత్రం ఎవరిది వాళ్ళది, ఒకళ్ళకి ప్యాంట్, ఇంకొకళ్ళకి స్కర్ట్, మూడో అమ్మాయికి పొడుగు గౌను, దూరం నుంచి చూస్తే ఒకే జట్టు, దగ్గరికొస్తే ముగ్గురు మనుషులు.

దీనికి పూర్తిగా వేరే దారి ఐదుగురు అమ్మాయిల బ్రిటిష్ గ్రూప్ స్పైస్ గర్ల్స్‌ది. ఒకమ్మాయి ట్రాక్ ప్యాంట్, ఒకమ్మాయి చిరుతపులి ప్రింట్, ఒకమ్మాయి పొట్టి నల్ల డ్రెస్, ఎవరి వేషం వాళ్ళది. జనానికి ఆ ఐదు క్యారెక్టర్లూ ముందే తెలుసు కాబట్టి వాళ్ళకి అది నడిచింది. ఐదు నిమిషాల ప్రోగ్రామ్‌లో మీ క్యారెక్టర్లు జనానికి అర్థమయ్యే టైమ్ ఉండదు, అందుకే కొత్త గ్రూప్‌కి టీనా దారే మంచిదని నా గట్టి అభిప్రాయం.

సరే, పనిలోకి వద్దాం. ముందు గుడ్డ. అందరికీ కావాల్సింది ఒకేసారి ఒకే తానులోంచి కోయించండి, మళ్ళీ వెళ్ళి తెచ్చుకుందాంలే అంటే తాను మారితే రంగు కొంచెం తేడా వచ్చుద్ది, ఆ తేడా ఇంట్లో ట్యూబ్‌లైట్ కింద కనపడదు గానీ స్టేజ్ లైట్ల కింద కొట్టొచ్చినట్టు కనపడుద్ది. ఆల్ట్రేషన్‌కి ఓ మీటరు ఎక్కువే తీసుకోండి. కాటన్ అయితే కుట్టించే ముందు తడిపి ఆరబెట్టాలి. కామఫ్లాజ్ వేద్దాం అనుకుంటే మాత్రం ఇండియాలో ఒక జాగ్రత్త, ఆర్మీ యూనిఫాం లాంటి ప్రింట్ వద్దు. 2022 జనవరిలో మన ఆర్మీ కొత్త ప్యాటర్న్ యూనిఫాం చూపించింది, ఆ డిజైన్ మీద హక్కులు కూడా రిజిస్టర్ చేయించుకుంది, అది బయట కుట్టి అమ్మకూడదు. పింక్‌లోనో నీలంలోనో కామఫ్లాజ్ ప్రింట్ వస్తుంది, అది తీసుకోండి, స్టేజ్ మీద ఇంకా బాగుంటుంది కూడా.

కట్ దగ్గర టైమ్ పెట్టండి, అసలు ఆట అంతా ఇక్కడే ఉంది. ఎవరికి ఏది సౌకర్యమో ముందు వాళ్ళనే అడగండి, పొట్ట కనపడటం ఇష్టం లేని అమ్మాయికి క్రాప్ టాప్ బలవంతంగా వేయిస్తే డాన్స్ అంతా చెయ్యి పొట్ట మీదే ఉంటుంది. అందరి డ్రెస్సులోనూ కామన్‌గా ఒకటి పెట్టండి, అదే అంచు గానీ అదే రంగు బెల్టు గానీ. స్కర్టులు అందరికీ ఒకే ఇంచీల పొడుగు పెట్టమని టైలర్‌కి చెప్పొద్దు, పొడుగమ్మాయికి తొడల దాకా వచ్చుద్ది పొట్టి అమ్మాయికి మోకాలు దాటిపోద్ది, మోకాలికి ఎంత పైన అనేది లెక్క పెట్టుకుని ఎవరి కొలత వాళ్ళకి ఇవ్వండి, అదీ స్టేజ్ మీద వేసుకునే హీల్స్ వేసుకునే ఇవ్వండి. రోజూ వేసుకునే కుర్తీ ఆది ఇచ్చేసి రావొద్దు, అది వదులుగా ఉంటుంది. కుట్లలో మార్జిన్ వదలమనండి. 2020లో కొరియా గర్ల్ గ్రూప్ బ్లాక్‌పింక్ వాళ్ళు తమ సంప్రదాయ డ్రెస్ హాన్‌బోక్‌ని కురచ చేసి వేసుకున్నారు కదా, అవి చూడండి, మూలం ఒకటే, నలుగురి మీదా నాలుగు రకాలు. మన లంగాఓణీతో కూడా ఇలాగే చెయ్యొచ్చు, ఎవరైనా చేస్తే చూడాలని నాకు చాలా ఆశ.

స్టేజ్‌కి అయితే ట్రయల్‌లో అద్దం ముందు నిలబడి చూసుకుంటే సరిపోదు, చేతులు పైకెత్తాలి, కూర్చోవాలి, పాట మొత్తం ఒకసారి ఆడాలి. వైర్‌లెస్ మైక్‌కి ఉండే చిన్న డబ్బా, అదే మైక్ ప్యాక్ పెట్టుకోవాలంటే నడుము దగ్గర గట్టి బెల్టు ఉండాలి. లైట్ల వాళ్ళని ఏ రంగులు వేస్తారో ముందే అడగండి, ఎర్ర డ్రెస్ మీద గ్రీన్ లైట్ పడితే నల్లగా కనపడుద్ది. మధ్యలో డ్రెస్ మార్చాలంటే హుక్కులు వద్దు, టిచ్ బటన్లో వెల్‌క్రోనో పెట్టించండి.

రెడ్ కార్పెట్ అంటే, మన ఫంక్షన్లలో ఫొటో బ్యాక్‌డ్రాప్ అనుకోండి, అక్కడ లెక్క వేరు. డాన్స్ ఉండదు కాబట్టి బరువైన గుడ్డ, పొడుగు గౌను, కుందన్ పని అన్నీ ఓకే. కానీ ఫ్లాష్ పడితే పల్చటి గుడ్డలోంచి లోపలివి కనపడతాయి, అందుకని చీకటి గదిలో ఫోన్ ఫ్లాష్‌తో ముందే ఫొటో తీసి చూసుకుని లైనింగ్ వేయించండి. సన్న గీతల డిజైన్ కెమెరాలో అలలు అలలుగా వచ్చుద్ది, అది వద్దు. నిలబడే వరస కూడా ఇంట్లోనే తేల్చుకోండి, ఎక్కువ మెరిసే డ్రెస్ మధ్యలో, ప్యాంట్ వేసుకున్న ఇద్దరుంటే చెరో చివర.

షో రోజు బ్యాగులో సేఫ్టీ పిన్నులు, రెండు వైపులా అంటుకునే టేప్, అదే రంగు దారం ఎక్కించిన సూది, మిగిలిన గుడ్డ ముక్క పెట్టుకోండి, అవి మోసే బాధ్యత డాన్స్‌లో లేని ఫ్రెండ్‌కి ఇవ్వండి.